ఇన్‌హేలర్ గలగలమంటోంది, పొగ వస్తోంది, ఆయాసం మాత్రం తగ్గలేదు. డబ్బాలో అసలేముంటుంది?

రేపల్లె_రాధ
మా నాన్నగారికి 68 ఏళ్ళు, ఆస్తమా వచ్చి పాతికేళ్ళు. సాల్బుటమాల్ పంపు ఎప్పుడూ చొక్కా జేబులోనే ఉంటుంది. మొన్న కార్తీక సోమవారం తెల్లవారుజామున చన్నీళ్ళ స్నానం చేసొచ్చారు, వద్దంటే వినరు. ఆయాసం మొదలైంది. నాలుగు పఫ్‌లు కొట్టినా దిగలేదు. తమ్ముడు పరిగెత్తుకెళ్ళి కొత్తది తెస్తే రెండు పఫ్‌లకే సర్దుకుంది. విచిత్రం ఏమిటంటే ముందురోజే ఆయన పాత డబ్బా చెవి దగ్గర ఊపి "ఇంకా బోలెడుంది" అన్నారు. నిజంగానే తొణుకుతోంది. నొక్కితే పొగ కూడా వస్తోంది. మరి మందు ఏమైనట్టు? దాని మీద అంకెల కౌంటర్ లేదు. మా పిన్నేమో నీళ్ళ గిన్నెలో వేసి చూడు, తేలితే ఖాళీ అయినట్టు అంటోంది.

మందుల_కొట్టు (ఖమ్మం)
నీళ్ళల్ల ఎయ్యకండి మేడమ్. ఆ పరీక్ష ఎవరు కనిపెట్టిన్రో గానీ వారానికొకరన్న వచ్చి అదే చెప్తరు. డబ్బా మూతికుండే సన్న గొట్టం, అదే కాడ, దాని రంధ్రంల నీళ్ళు పోతే పంపు పట్టేస్తది. పైగ ఒక్కో డబ్బా ఒక్కో తీరుగ తేలుతది. నేనైతే అమ్మేటప్పుడు మొదలుపెట్టే తారీఖు డబ్బా మీదనే పెన్నుతోటి రాసిస్త. 200 పఫ్‌లు, రోజుకు నాలుగైతే 50 రోజులు. ఎక్కాల పుస్తకం చాలు, గిన్నె అక్కర్లే.

కవాటం
ఇన్‌హేలర్ల తయారీలో 19 ఏళ్ళు పనిచేశాను, హైదరాబాద్‌లో. రాధగారూ, ముందు ఒక మాట. నాలుగు పఫ్‌లకి దిగని ఆయాసానికి కొత్త డబ్బా కోసం చూడొద్దు, ఆస్పత్రికి బయల్దేరండి. ఈసారి అదృష్టం కలిసొచ్చింది.

ఇక డబ్బా సంగతి. అందులో గాలి దట్టించి ఉంటుందనుకుంటారు అందరూ. కాదు. వంటగ్యాస్ బండని కదిపితే లోపల ద్రవం తొణుకుతుంది కదా, ఇదీ అంతే. ఒత్తిడికి ద్రవంగా మారిన వాయువు. దీన్ని ప్రొపెల్లెంట్ అంటాం. ఎక్కువ డబ్బాల్లో ఉండేది హెచ్‌ఎఫ్‌ఏ-134ఎ. కార్ల ఏసీల్లో నింపే గ్యాసే, మందుకి వాడేదాన్ని ఇంకా చాలా శుద్ధి చేస్తారు. బయట వదిలేస్తే మైనస్ 26 డిగ్రీలకే మరిగిపోతుంది. మూత బిగించిన డబ్బాలో మాత్రం 20 డిగ్రీల దగ్గర తన ఆవిరితో తానే 5.7 బార్ల ఒత్తిడి తెచ్చుకుని ద్రవంగా కూర్చుంటుంది. బండలో అడుగున కాస్త ద్రవం ఉన్నంతవరకూ స్టవ్ మంట తగ్గదు. అలాగే ఇక్కడ మొదటి పఫ్, నూట తొంభయ్యో పఫ్ ఒకే జోరుతో వస్తాయి. ఉత్త గాలి దట్టించి ఉంటే సైకిల్ ట్యూబులాగా రోజురోజుకీ నీరసపడేది.

ఆ ద్రవంలో సాల్బుటమాల్ సల్ఫేట్ కరగదు. సన్నటి పొడిగా తేలుతూ ఉంటుంది. పఫ్‌కి 120 మైక్రోగ్రాముల సల్ఫేట్, అందులో అసలు సాల్బుటమాల్ 100. అంటే 200 పఫ్‌లకీ కలిపి 24 మిల్లీగ్రాములు. తయారీలో కొంచెం ఎక్కువే వేస్తారు, అయినా చిటికెడు ఉప్పుకి చాలా దూరం. మిగతా 15 గ్రాములో, 18 గ్రాములో అంతా ప్రొపెల్లెంటే. మీ నాన్నగారికి వినిపించిన చప్పుడు దానిది.

ఎంఫార్మసీ_వైజాగ్
సార్, నాకు వచ్చే నెల ఇదే సెమినార్! మందుని కొలిచి వదిలే మీటరింగ్ వాల్వ్ బొమ్మ పుస్తకంలో ఉంది గానీ నాకు ఎక్కట్లేదు. డియోడరెంట్ నొక్కినంతసేపూ వస్తుంది. ఇది గట్టిగా నొక్కి పట్టుకున్నా ఒక్కసారే ఎందుకొస్తుంది?

కవాటం
నూనె కొట్లో గిద్ద చూశావా తమ్ముడూ? నీ వయసుకి చూసి ఉండవులే. డబ్బాలో ముంచి తీస్తారు, ఎంతసేపు వంచి పట్టుకున్నా గిద్దెడే వస్తుంది. వాల్వులో ఒక బుల్లి గది ఉంటుంది, అదే గిద్ద. సాధారణంగా 50 లేదా 63 మైక్రోలీటర్లు. మందుని బట్టి 25 నుంచి 100 వరకూ చేస్తారు. దానికి రెండు దారులు. ఒకటి డబ్బాలోకి, రెండోది కాడ గుండా బయటికి. రెండూ ఒకేసారి తెరుచుకోవు, కిటుకంతా అక్కడే ఉంది. మామూలప్పుడు డబ్బా వైపు తెరిచి ఉంటుంది. నొక్కుతుంటే ముందు ఆ దారి మూసుకుంటుంది. కాడ ఇంకాస్త లోపలికి దిగాక దాని పక్కనున్న సన్నటి చిల్లు గదిలోకి వస్తుంది. గదిలో ఉన్నది భగ్గున మరుగుతూ బయటికి పోతుంది. వదిలితే స్ప్రింగ్ కాడని వెనక్కి తోస్తుంది, గది మళ్ళీ నిండుతుంది. కాడ కిందికి ఉండేలా పట్టుకోమనేది అందుకే, లేకపోతే గదిలోకి ద్రవం బదులు ఆవిరి దూరుతుంది.

ఇక్కడో మెలిక ఉంది. పాత తరహా వాల్వుల్లో గది నిండేది వదిలిన క్షణంలో. అంటే మీరు పొద్దున్న పీల్చేది రాత్రి నిండిన గిద్ద! అప్పటికి ఊపి ఉన్నారా లేదా అన్నదే దాని భవిష్యత్తు. చాలా రోజులు వాడకపోతే ఆ గదిలోది కొంత కారిపోతుంది కూడా. కొత్త డబ్బాని, వాడి చాన్నాళ్ళైన డబ్బాని ముందు గాల్లోకి కొట్టమని కరపత్రంలో రాసేది అందుకే. ఎన్నిసార్లు, ఎన్నాళ్ళు దాటితే అనేది ఒక్కో డబ్బాకి ఒక్కో లెక్క, 5 రోజులని ఒకచోట ఉంటే 14 రోజులని ఇంకోచోట ఉంటుంది. పెట్టెలోని కాగితం పారేయకండి.

రాధగారి ప్రశ్నకి జవాబూ ఇదే గదిలో ఉంది. 200వ పఫ్ కూడా నిండుగా రావాలి కాబట్టి డబ్బాలో లెక్కకి మించి ద్రవం పోస్తారు. 200 దాటాక మట్టం తగ్గి గదిలోకి కొంత ద్రవం, కొంత ఆవిరి చేరతాయి. ఒక పఫ్‌లో మందు ముప్పావు వంతు, తర్వాత దాంట్లో పావు, ఆ తర్వాత మళ్ళీ సగం, ఇలా తడబడుతుంది. మేం దీన్ని టెయిల్ ఆఫ్ అంటాం. పొగ వస్తుంది, గొంతుకి చల్లగా తగులుతుంది, వాడేవాళ్ళకి తేడా తెలీదు.

ఎడిసన్_తెలుగోడు
న్యూజెర్సీ నుంచి. ఇక్కడ కౌంటర్ లేని డబ్బా నేను చూసి చాలా ఏళ్ళైంది. నాది వేరే సందేహం. ఇండియాలో పెట్టె మీద 100 మైక్రోగ్రాములని ఉంటుంది, ఇక్కడ ఆల్బ్యుటెరాల్ మీద 90 అని. మా అమ్మ అక్కణ్ణుంచి తెచ్చుకున్నవి "స్ట్రాంగ్" అని మురిసిపోతుంది.

కవాటం
ఆల్బ్యుటెరాల్, సాల్బుటమాల్ ఒకటే మందు. 100 అంటే వాల్వు కాడ దాటిన మందు. 90 అంటే ప్లాస్టిక్ మూతి దాటి నోటికి అందిన మందు. మధ్యలో పది ఆ ప్లాస్టిక్‌కే అతుక్కుపోతుంది. అమ్మగారికి చెప్పకండి, మురిపెం ఎందుకు పాడుచేయడం.

పాత_పేపర్ల_పురుగు
ఇది పుట్టిన కథ బాగుంటుంది. 1955లో అమెరికాలో రైకర్ లేబొరేటరీస్ అధిపతి జార్జ్ మైసన్ కూతురికి ఆస్తమా. పదమూడేళ్ళ పిల్ల. అప్పట్లో రబ్బరు బుడ్డి పిసికే గాజు నెబ్యులైజర్లు, పగిలేవి, ఒక్కోసారి ఒక్కోలా వచ్చేవి. జుట్టుకి కొట్టుకునే స్ప్రేలాగా నా మందు ఎందుకు రాదు అని అడిగిందట. ఇర్వింగ్ పోరష్ అనే కెమిస్టు పనిలోకి దిగాడు. కొలిచి వదిలే వాల్వు అప్పటికే అత్తరు సీసాల కోసం తయారై ఉంది. 1956లో రెండు మెడిహేలర్లు మార్కెట్లోకి వచ్చేశాయి, ఒకటి ఎపినెఫ్రిన్‌ది, ఇంకోటి ఐసోప్రెనలిన్‌ది. మొదటివాటికి అల్యూమినియం డబ్బా కాదు, ప్లాస్టిక్ పూత పూసిన గాజు సీసా. సాల్బుటమాల్ స్ప్రే 1969లో ఇంగ్లాండులో వచ్చింది. సెంటు వాల్వులోంచి ఊపిరి వచ్చిందన్నమాట.

అనుమానం_అన్నయ్య
ఇంత కథెందుకు. పంపు ఒకసారి మొదలుపెడితే చచ్చేదాకా వదలదు, అలవాటైపోతుంది. మా మేనమామ మృగశిర కార్తెకి నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో లైన్లో నిలబడి కొర్రమీను మింగొచ్చాడు, టాబ్లెట్లతో నెట్టుకొస్తున్నాడు.

ఊపిరి_అక్క
నేను చెస్ట్ ఫిజియోథెరపిస్టుని, గుంటూరు. అన్నయ్యగారూ, 4 మిల్లీగ్రాముల సాల్బుటమాల్ టాబ్లెట్ అంటే 4,000 మైక్రోగ్రాములు, ఒళ్ళంతా తిరిగి చేతులు వణికించాక కాస్త ఊపిరితిత్తులకి చేరుతుంది. రెండు పఫ్‌లు అంటే 200. ఇరవయ్యో వంతు, అదీ కావలసిన చోటికే. దేనికి భయపడాలో మీరే చూసుకోండి. వదలనిది పంపు కాదు, ఆస్తమా. చేపకి వెళ్ళేవాళ్ళని నేను ఆపను. పంపు జేబులో పెట్టుకుని లైన్లో నిలబడమంటాను, అక్కడి తోపులాటకి అవసరం పడొచ్చు.

స్వామి_శరణం_77
మాల వేసుకున్నాను. డాక్టరు రెండు పంపులు రాశారు. ఇందులో ఆల్కహాల్ ఉంటుందని మా గురుస్వామి అంటున్నారు. నిజమేనా? మండలం పూర్తయ్యేవరకూ ఆపేద్దామా అని.

కవాటం
స్వామీ, ఆపకండి, ముఖ్యంగా స్టెరాయిడ్ పంపు. పంబ దగ్గర్నుంచి కొండెక్కేది మీరే కదా.

నిజం చెప్పాలంటే కొన్నింట్లో ఉంటుంది, కొన్నింట్లో ఉండదు. సాల్బుటమాల్ డబ్బాల్లో కొన్ని ఉత్త మందు, ప్రొపెల్లెంట్, అంతే. మూడో వస్తువు లేదు. కొన్నింట్లో ఓలిక్ యాసిడ్, కాస్త ఇథనాల్ ఉంటాయి. బెక్లోమెథసోన్ అనే స్టెరాయిడ్ లాంటివి 134ఎలో కరగాలంటే ఇథనాల్ సాయం కావాలి, పఫ్‌కి కొన్ని మిల్లీగ్రాములు. బాగా ముగ్గిన అరటిపండులో అంతకంటే ఎక్కువుంటుంది. మీ పెట్టె మీద ఇథనాల్ పేరుందేమో చూసి, పట్టింపు ఉంటే డాక్టర్ని అడిగి మార్చుకోండి.

ఎంఫార్మసీ_వైజాగ్
మూడో వస్తువు లేకుండా సస్పెన్షన్, అదే ద్రవంలో తేలే పొడి, ఎలా నిలుస్తుంది సార్? రేణువులు ఒకదానికొకటి అంటుకోకుండా చూసే సర్ఫాక్టెంట్ తప్పనిసరి అని మాకు చెప్పారు.

కవాటం
మీ నోట్సు సీఎఫ్‌సీల కాలంనాటిది. అప్పట్లో సీఎఫ్‌సీ 11, 12, 114 అనే గ్యాసులు కలిపి ప్రొపెల్లెంట్‌గా వాడేవాళ్ళు. ఓలిక్ యాసిడ్, లెసిథిన్, సార్బిటన్ ట్రైఓలియేట్ వాటిలో హాయిగా కరిగేవి. ఓజోన్ పొరకి చిల్లులు పెడుతున్నాయని 1987లో మాంట్రియల్ ఒప్పందం వచ్చింది. గ్యాసు మారిస్తే సరిపోతుందనుకున్నారు. తీరా చూస్తే పాత సర్ఫాక్టెంట్లు కొత్త గ్యాసుల్లో కరగవు. వాల్వు రబ్బరు వాషర్లు ఉబ్బడమో కుంచించుకుపోవడమో, లేదంటే వాటిలోని రసాయనాలు ద్రవంలోకి ఊరడమో. మొదట్నుంచీ మొదలుపెట్టినట్టే అయింది. సీఎఫ్‌సీ లేని తొలి పంపులు 1990ల మధ్యలో గానీ రాలేదు.

దారులు రెండు మూడు దొరికాయి. ఒకటి, ఇథనాల్ కాస్త వేసి పాత సర్ఫాక్టెంట్‌నే కరిగించడం. రెండు, హెచ్‌ఎఫ్‌ఏలో కరిగే పీవీపీ, పీఈజీ లాంటి పాలిమర్లు వెతకడం. బుడెసొనైడ్, ఫార్మోటెరాల్ అనే రెండు మందులు కలిసిన ఒక పంపులో ఇవే ఉంటాయి. మూడోది నాకు బాగా నచ్చేది. పొడిని దాని మానాన వదిలేసి డబ్బా లోపలి గోడకి ఫ్లోరోపాలిమర్ పూత పూశారు, నాన్‌స్టిక్ పెనంలాగా. మందు గోడకి అంటకుండా ఉంటే చాలు, మిగతాది ఊపుడు చూసుకుంటుంది.

సున్నం వేసేవాణ్ణి గమనించు. బకెట్లో కర్రతో కలుపుతూనే ఉంటాడు, ఆపితే పైన నీళ్ళు, కింద ముద్ద. సాల్బుటమాల్ సల్ఫేట్ సాంద్రత 1.3 దగ్గర, 134ఎది 1.2, అందుకని మెల్లగా అడుక్కి దిగుతుంది. అదే 227 అనే ఇంకో ప్రొపెల్లెంట్‌లో పోస్తే, దాని సాంద్రత 1.4, పైకి తేలి మీగడ కడుతుంది! దిగినా తేలినా ఫరవాలేదు, వదులుగా ఉండి రెండు ఊపులకి చెదిరిపోవాలి. గట్టిగా పేరుకుపోయిందా, ఆ బ్యాచ్ గోవిందా. బెక్లోమెథసోన్‌లాగా కరిగిపోయినవాటికి ఊపే పని లేదు, అయినా అందరికీ ఊపమనే చెప్తాం, ఏది ఏదో గుర్తుపెట్టుకోవడం ఎవరివల్లా కాదు కాబట్టి.

పొడి సైజు గురించి సెమినార్‌లో తప్పక అడుగుతారు. 1 నుంచి 5 మైక్రాన్లు. జెట్ మిల్లులో గాలి జోరుకి రేణువులు ఒకదానికొకటి ఢీకొని ఆ సైజుకి నలుగుతాయి. 5 దాటినవి గొంతు మలుపు తిరగలేవు, స్పీడుగా వచ్చిన ఆటో సందు మలుపులో గోడకి గుద్దుకున్నట్టే. ల్యాబులో కాస్కేడ్ ఇంపాక్టర్ చేసేదీ ఇదే. నిమిషానికి 28.3 లీటర్ల గాలి లాగుతూ, ఒకదాని కింద ఒకటి సన్నబడే చిల్లుల పళ్ళేల మీద రేణువుల్ని పడేస్తారు. పెద్దవి పైపళ్ళెంలో, సన్నవి అడుగున. ఒక్కో పళ్ళెం కడిగి హెచ్‌పీఎల్‌సీ అనే యంత్రంలో మందు కొలవాలి. ఆ పళ్ళేలు కడిగే నా మొదటి రెండేళ్ళూ గడిచాయి, ఇప్పటికీ స్టీలు కంచం చూస్తే మిథనాల్ వాసన గుర్తొస్తుంది.

రేపల్లె_రాధ
కవాటంగారూ, దండం. ఇంకొకటి. నాన్న పంపు స్కూటర్ డిక్కీలో వదిలేస్తుంటారు. మా ఎండలు తెలుసు కదా. పేలుతుందా?

కవాటం
50 డిగ్రీలకి లోపలి ఒత్తిడి 13 బార్ల దాకా పోతుంది. ఫ్యాక్టరీలో ప్రతి డబ్బానీ 55 డిగ్రీల దగ్గరి వేణ్ణీళ్ళ తొట్టిలోంచి పంపించి చూస్తారు, కాబట్టి టపాసులా పేలదు. కానీ రోజూ అలా కాగితే వాల్వు సందుల్లోంచి గ్యాసు కారడం పెరుగుతుంది, రబ్బరు గుండా తేమ లోపలికి చేరుతుంది, రేణువులు అంటుకుని పెద్దవవుతాయి. డిక్కీ మాన్పించండి. నిప్పుల్లో మాత్రం ఎప్పుడూ వేయకండి, ఖాళీదైనా సరే.

ఊపిరి_అక్క
డబ్బా గొడవ బాగుంది గానీ, నా దగ్గరికొచ్చేవాళ్ళలో సగం మందికి పోయేది పీల్చడంలో. రోటాక్యాప్స్ పొడి మిషన్ అలవాటున్నవాళ్ళు దీన్నీ అలాగే సర్రున లాగుతారు. పొడి మిషన్‌కి మీ పీల్పే ఇంజను, గట్టిగా లాగాలి. ఈ పంపుకి ఇంజను డబ్బాలోనే ఉంది, మీరు నాలుగైదు సెకన్లు మెల్లగా లాగాలి. మొదట ఊపిరి వదిలి, లాగడం మొదలుపెట్టాక నొక్కాలి. తర్వాత పది సెకన్లు బిగపట్టాలి, వయసు పైబడినవాళ్ళకి అయిదైనా చాలు. సరిగ్గా చేసినా ఊపిరితిత్తులకి చేరేది ద్రవంలో పొడి తేలే ఇలాంటి డబ్బా పంపుల్లో పదిలో ఒకటో రెండో వంతులు. ఎక్కువ భాగం గొంతులో పడుతుంది. స్టెరాయిడ్ పంపైతే పుక్కిలించి ఉమ్మమనేది అందుకే, లేకపోతే నోట్లో తెల్లపూత.

రాధా, నాన్నగారికి స్పేసర్ కొనమ్మా, పంపుకీ నోటికీ మధ్య తగిలించే ప్లాస్టిక్ గొట్టం. పొగ అందులో నిదానించి పెద్ద చుక్కలు గోడకి దిగిపోతాయి, నొక్కడం పీల్చడం ఒకేసారి కుదరకపోయినా నష్టం లేదు. స్పేసర్‌ని సబ్బునీళ్ళలో కడిగి గుడ్డతో తుడవకుండా ఆరబెట్టు. తుడిస్తే ప్లాస్టిక్‌లో స్థిర విద్యుత్తు పుట్టి మందుని గోడలే లాగేసుకుంటాయి. పంపు ప్లాస్టిక్ మూతిని కూడా వారానికోసారి కడగాలి, డబ్బా తీసేసి. ఆ చిల్లు అర మిల్లీమీటరు ఉండదు, పొడి పేరుకుంటే పూడిపోతుంది.

ఎడిసన్_తెలుగోడు
ఇక్కడ సీఎఫ్‌సీ ఆల్బ్యుటెరాల్ 2008 డిసెంబర్ 31తో ఆగిపోయింది. కొత్తది వాడిన మొదట్లో గొంతుకి చల్లగా కొట్టకపోయేసరికి మందు పడలేదేమో అని మూడోది కూడా కొట్టేవాణ్ణి. ఇప్పుడు మళ్ళీ మారుస్తారంటున్నారు కదా?

కవాటం
పాత గ్యాసు పొగ ఇంకా జోరుగా, చల్లగా గొంతుకి తగిలేది, కొందరికి పీల్పే ఆగిపోయేది. కొత్తది మెత్తన. చల్లదనం గ్యాసుది, మందుది కాదు.

మార్పు నిజమే. 134ఎ ఓజోన్‌ని ఏం చేయదు గానీ భూమిని కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 1,400 రెట్లు వేడెక్కిస్తుంది. డబ్బాకి 18 గ్రాములు వేసుకుంటే 25 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం, అంటే దాదాపు 11 లీటర్ల పెట్రోలు కాల్చినట్టు. 227 అయితే 3,000 రెట్లు పైమాటే. మాంట్రియల్ ఒప్పందానికి 2016లో చేసిన కిగాలీ సవరణ ప్రకారం మన దేశంలో ఈ జాతి గ్యాసుల వాడకానికి 2028 నుంచి గీత గీస్తారు. 152ఎ, 1234జెడ్‌ఈ అనే రెండు ప్రత్యామ్నాయ గ్యాసుల మీద పందెం నడుస్తోంది. మొదటిది మంటంటుకునే రకం, ఫ్యాక్టరీ అంతా మార్చాలి. రెండోదానితో చేసిన ఒక పంపుకి 2025లో బ్రిటన్ అనుమతిచ్చింది. వాషర్లు, పూతలు, సాంద్రతలు, అన్నీ మళ్ళీ మొదటికి. రిటైరయ్యేలోపు ఇంకోసారి పళ్ళేలు కడగాలేమో. ఈలోపు భూమి కోసమని ఎవరూ పంపు మానేయకండి.

మందుల_కొట్టు (ఖమ్మం)
అన్నా, నీ గిద్ద ముచ్చట చదివినంక నిద్రపట్టలే. పక్క దుకాణం కంసాలి దగ్గర పది మిల్లీగ్రాములు చూపే కాటా ఉన్నది. ఎక్స్‌పైరీ అయిన సీలు డబ్బా ఒకటి, కస్టమర్ ఒకాయన "ఇంకా ఉంది గదా, మార్చి ఇయ్యి" అని పడేసిపోయిన డబ్బా ఒకటి పట్టుకపోయిన. సీలుది గాల్లకు నాలుగు కొట్టి, తర్వాత పది కొట్టి తూచిన: 0.74 గ్రాములు తగ్గింది. మళ్ళ పది: 0.75. రెండోది ఊపితే మస్తు చప్పుడు, పొగ సుత మంచిగ వస్తుంది. ఒక్కొక్కటి కొట్టి తూచిన: 0.06, 0.03, 0.07, 0.02, 0.04. కంసాలి చూసి "ఇది తరుగు బంగారం లెక్కుంది" అన్నడు.

రేపల్లె_రాధ
నాన్న పాత డబ్బా ఇంకా పారేయలేదు. మా వీధి చివర నగల కొట్టుంది, రేపు తీసుకెళ్తాను. నాన్న కూడా వస్తానంటున్నారు, ఆయన కళ్ళారా చూడాలట.